ఏరీ... ఆ సుబ్బారావులు?

ఊరికి పదిమంది ఉండేవారు. బడిలో హాజరు పిలిస్తే ముగ్గురు ఒకేసారి లేచి 'ప్రెజెంట్ సార్' అనేవారు. కోస్తాలో ఏ వీధిలో నిలబడి 'సుబ్బారావ్...' అని కేకేసినా ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూడాల్సిందే. అలాంటిది ఇప్పుడు ఆ పేరున్న పసివాణ్ని పట్టుకోవాలంటే కాగడా వేసి వెతకాలి. ఇంతకీ ఆ పేరు ఎక్కడ పుట్టింది? అన్ని ఇళ్లలోకీ ఎలా వచ్చింది? ఎందుకు మాయమైంది? అసలు మాయమైందా?

బారసాల రోజు. ఇల్లంతా చుట్టాలు. పీటల మీద పిల్లాడి తల్లీతండ్రీ. ముందు పళ్లెంలో పరిచిన బియ్యం. ఉంగరంతో ఆ బియ్యంలో తండ్రి పేరు రాయాలి. ఆ పేరు గురించే వారంరోజులుగా ఇంట్లో గొడవ. 'పెద్ద మనవడికి తాతగారి పేరు పెట్టడం మన ఇంటి ఆనవాయితీ' అంటుంది నానమ్మ. తాతగారి పేరు సుబ్బారావు. 'అది కాదు అత్తయ్యా, రేపు బడిలో పిల్లలు ఏడిపిస్తారండీ...' అని కోడలు నసుగుతుంది. మధ్యలో కొడుకు నలిగిపోతాడు. చివరికి పురోహితుడే ఓ దారి చూపిస్తాడు. బియ్యంలో మొదట 'సుబ్రహ్మణ్యం' అని రాస్తారు. దాని కింద నక్షత్రాన్ని బట్టి వచ్చిన పేరు. మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రంలోకి మాత్రం 'స్కంద' ఎక్కుతుంది. నానమ్మ ముఖం కాస్త చిన్నబోతుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల్లో ముప్ఫై నలభై ఏళ్లుగా కాస్త అటూ ఇటూగా చాలా ఇళ్లలో జరుగుతున్నదే.

'బ్ర' వెళ్లి 'బ్బ' వచ్చె!

సుబ్బారావులోని 'సుబ్బ'కు మూలం సుబ్రహ్మణ్య. 'సు' అంటే మంచి. 'బ్రహ్మణ్య' అంటే వేదానికీ బ్రహ్మజ్ఞానానికీ హితుడు. సుబ్రహ్మణ్యుడంటే శివుడి రెండో కొడుకనే మనకు తెలుసు. కానీ ఈ మాట అంతకన్నా పాతది. సోమయాగంలో సామవేదం పాడే రుత్విజుల్లో ఒకరిని సుబ్రహ్మణ్యుడంటారు. యాగానికి రావయ్యా అని ఇంద్రుణ్ని పిలవడం ఆయన పని. ఆ పేరు తర్వాతెప్పుడో శివకుమారుడికి స్థిరపడింది. తండ్రికే ఓంకారానికి అర్థం చెప్పిన కొడుకని తమిళనాట స్వామిమలై క్షేత్రం కథ. తండ్రికి పాఠం చెప్పిన పిల్లాడి పేరు కొడుక్కి పెట్టుకోవాలని ఎవరికి ఉండదు!

అయితే 'సుబ్రహ్మణ్య' అని రోజుకి ఇరవైసార్లు పిలవాలంటే నోరు తిరగొద్దూ! అగ్నిని అగ్గి, భక్తిని బత్తి చేసుకున్న తెలుగు నాలుక దీన్నీ వదల్లేదు. 'సుబ్ర' కాస్తా 'సుబ్బ' అయింది. దానికి అయ్య చేరిస్తే సుబ్బయ్య, అన్న చేరిస్తే సుబ్బన్న, అమ్మ చేరిస్తే సుబ్బమ్మ. రాయలసీమకు వెళ్తే సుబ్బారెడ్డి, క్షత్రియుల ఇంట సుబ్బరాజు, కొట్టు మీద కూర్చుంటే సుబ్బయ్యశెట్టి, వేదం చదివితే సుబ్రహ్మణ్యశాస్త్రి. తెలంగాణ పల్లెల్లో మాత్రం మల్లయ్య, ఎల్లయ్య, రాజయ్యలదే రాజ్యం. సుబ్బారావులు అక్కడ తక్కువే.

ఇక 'రావు'. రాజ, రాయ, రావు... మూడూ ఒకే మాటకు రూపాలు. కృష్ణదేవరాయల్లో ఉన్న రాయే సుబ్బారావులో రావు. పాత తరాల్లో సుబ్బయ్యలూ సుబ్బన్నలే ఎక్కువ. ఇంగ్లీషు చదువులూ సర్కారు కొలువులూ వచ్చాక సుబ్బయ్యల ఇళ్లలో సుబ్బారావులు పుట్టడం మొదలైంది. పేరు చివర రావుంటే కచేరీలో కాస్త బరువుగా వినపడేది మరి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఆ రావును ఇంగ్లీషులో ఆర్, ఓ, డబ్ల్యూ అని రాసేవారు. దివ్యజ్ఞాన సమాజంలో పేరు తెచ్చుకున్న తల్లాప్రగడ సుబ్బారావు (1856-1890) అలాగే రాసుకున్నారు. అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా ఆ డబ్ల్యూని వదల్లేదు.

పుట్టలో ఉన్నది ఎవరు?

తమిళనాట మురుగన్ అంటే చేతిలో శూలం, పక్కన నెమలి. మనకు సుబ్రహ్మణ్యుడంటే ముందు గుర్తొచ్చేది పాము! కన్నడదేశంలోని కుక్కెలోనూ ఇంతే. నెమలి వాహనుడు నాగేంద్రుడెలా అయ్యాడన్నది పండితులు తేల్చుకోవాల్సిన సంగతి. జనం మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నారు. కోస్తా పల్లెల్లో నాగుపాము కనపడితే పాము అనరు, 'సుబ్బారాయుడు' అంటారు. 'పెరట్లో సుబ్బారాయుడు తిరుగుతున్నాడు, దీపం పట్టుకెళ్లు' అన్న మాటలో భయం ఎంతో భక్తీ అంతే.

ఈ దేవుడికి తెలుగునేలతో ఉన్న బంధం నిన్నమొన్నటిది కాదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో నాగార్జునకొండ లోయను ఏలిన ఇక్ష్వాకుల శాసనాల్లో శాంతమూలుణ్ని మహాసేనుడి అనుగ్రహం పొందినవాడిగా చెప్పారు. మహాసేనుడంటే కుమారస్వామే. విజయవాడలో దొరికిన యుద్ధమల్లుడి శాసనం ఇంకా ముచ్చటైనది. 10వ శతాబ్దం నాటి ఆ శాసనం తెలుగు పద్యాల్లో ఉంది, అదీ మధ్యాక్కరల్లో. నన్నయ భారతానికి సుమారు నూరేళ్ల ముందుమాట. అందులో ఉన్న సంగతేమిటంటే, రాజు బెజవాడలో కార్తికేయుడికి గుడీ మఠమూ కట్టించాడని. చేబ్రోలు కుమారస్వామి జాతరకని బెజవాడ వచ్చి, ఇక్కడే ఉండిపోయాడని! తెలుగులో దొరికిన తొలి పద్యాల్లో కొన్ని సుబ్బారాయుడి గుడి గురించినవే అన్నమాట.

ఆ జాతరలు ఇప్పటికీ ఆగలేదు. మార్గశిర శుద్ధ షష్ఠిని కోస్తాలో సుబ్బారాయుడి షష్ఠి అంటారు. అత్తిలి, బిక్కవోలు లాంటి ఊళ్లలో ఆ రోజు ఇసకేస్తే రాలనంత జనం. కార్తీకంలో నాగుల చవితి సరేసరి. చలిమిడి, చిమ్మిలి, ఆవుపాలు పట్టుకుని పొద్దున్నే పుట్టల దగ్గర ఆడవాళ్లు బారులు తీరతారు. తెలంగాణలో చాలాచోట్ల ఇదే పూజ శ్రావణంలో నాగపంచమికి చేస్తారు. కృష్ణా జిల్లాలో అవనిగడ్డ దగ్గరున్న మోపిదేవి సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ స్వామి లింగరూపంలో ఉంటాడు. పానవట్టం కింద ఉన్న రంధ్రంలో పాలు పోస్తారు. ఆ పాలు పుట్టలోకి చేరతాయని నమ్మకం.

ఇన్ని చోట్ల ఇంతమంది అడిగేది ఏమిటి? ఎక్కువమంది అడిగేది ఒక్కటే. సంతానం.

పేరు కాదు... మొక్కు

సుబ్బారావుల లెక్క అంతగా పెరగడానికి కారణం ఇక్కడే ఉంది. రామారావు, కృష్ణమూర్తి లాంటి పేర్లు పిల్లాడు పుట్టాక ఆలోచించి పెట్టుకున్నవి కావచ్చు. సుబ్బారావు అలా కాదు. చాలాసార్లు పిల్లాడి కన్నా ముందు పేరు పుట్టేది. పెళ్లయి అయిదారేళ్లయినా కడుపు పండని కోడలు, పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే కుమిలిపోయే తల్లి... పుట్ట దగ్గర పాలు పోసి 'కొడుకు పుడితే నీ పేరే పెట్టుకుంటాం స్వామీ' అని మొక్కుకునేవారు. రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ చేసేవారు. బిడ్డ కలిగితే ఆ పేరు పెట్టక తప్పదు. ఎందుకంటే అది దేవుడికిచ్చిన మాట. ఆడపిల్ల పుడితే సుబ్బలక్ష్మి, సుబ్బమ్మ, నాగమణి. రెండోవాడికి నాగేశ్వరరావు, మూడోవాడికి శేషగిరిరావు. అసలు పిల్లలు దక్కడమే గగనమైన రోజుల్లో, చావు కంట పడకుండా ఉండాలని పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టిన రోజుల్లో, 'నువ్విచ్చిన బిడ్డ, నీ పేరే, నువ్వే కాపాడు' అన్నది ఆ తల్లుల ధీమా.

ఒక సుబ్బారావు పుడితే అక్కడితో అయిపోయేదా? తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఉంది కదా. కాబట్టి ఓ మొక్కు తరం విడిచి తరం తిరిగి వచ్చేది. నలుగురు కొడుకులున్న సుబ్బారావుకి, నలుగురు పెద్దమనవళ్లూ సుబ్బారావులే! ఊళ్లో వాళ్లను గుర్తుపట్టాలంటే ఇంటిపేరో, వృత్తో, ఆకారమో తోడు కావాల్సిందే. కరణం సుబ్బారావు, కిళ్లీకొట్టు సుబ్బారావు, పొడుగు సుబ్బారావు, లాంతరు సుబ్బారావు. వెంకటసుబ్బారావు, నాగసుబ్బారావు, శేషసుబ్బారావులు కూడా ఈ ఇబ్బందిలోంచి కొంత వచ్చినవే కావచ్చు.

ఇంకో చిక్కు కోడలికి. మామగారి పేరు నోటితో పలకకూడదు. అదే పేరు కొడుక్కి పెట్టారు. ఇక వాణ్ని ఎలా పిలుస్తుంది? అల్లరి చేస్తే 'ఒరే సుబ్బిగా' అని తిడితే ఎవర్ని తిట్టినట్టు? అందుకే ఆ పిల్లలంతా ఇంట్లో బాబు, బుజ్జి, చిట్టి, నాన్న, అబ్బాయి అయిపోయారు. అరవై ఏళ్ల పెద్దమనిషిని ఊరంతా 'బుజ్జిగారూ' అని పిలుస్తుంటే నవ్వొస్తుందేమో కానీ, దాని వెనక మామగారి మీద ఓ కోడలి గౌరవం ఉంది.

బోస్టన్ నుంచి సుప్రీంకోర్టు దాకా

పేరు పాతదైనా ఆ పేరున్న వాళ్లు చేసిన పనులు పాతబడలేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1920ల్లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో దాన్ని ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుట్టు విప్పడంలో ఆయన పాత్ర ఉంది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందాల నుంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, ఫైలేరియాకు వాడే డైఇథైల్ కార్బమజైన్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చాయి. 1948లో 53 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన గౌరవార్థం ఓ శిలీంద్ర జాతికి 'సుబ్బారోమైసెస్' అని పేరు పెట్టారు. మోపిదేవిలోనో, ఏ పుట్ట దగ్గరో మొదలైన పేరు లాటిన్ వేషం కట్టి శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కింది! 1995లో శతజయంతికి మన తపాలాశాఖ స్టాంపు వేసింది.

రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు 1956లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కుల్ని తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదంటూ 1967లో గోలక్‌నాథ్ కేసులో తీర్పిచ్చింది ఆయన నేతృత్వంలోని ధర్మాసనమే. 11 మంది న్యాయమూర్తుల్లో 6 ఒకవైపు, 5 మరోవైపు. ఆ ఏడాదే పదవి వదిలి, రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకీర్ హుస్సేన్‌పై పోటీచేసి ఓడిపోయారు.

కవుల్లో అయితే లెక్కే లేదు. భావకవిత్వానికి దారి వేసిన రాయప్రోలు, ఎంకిని సృష్టించిన నండూరి, సౌభద్రుని ప్రణయయాత్ర రాసిన నాయని... ముగ్గురూ సుబ్బారావులే. రామాయణాన్ని తెలుగు చేసి, ఒంటిమిట్ట రామాలయం కోసం టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి బిచ్చమెత్తిన వావిలికొలను కూడా సుబ్బారావే. అందుకేనేమో తెలుగు సాహిత్యంలో రాయప్రోలు, నండూరి అని ఇంటిపేర్లతో చెప్పుకోవడమే అలవాటైంది. ఉత్త సుబ్బారావు అంటే ఎవరని!

ఇంట్లో పాత నోట్లుంటే ఓసారి తీసి చూడండి. 2008 నుంచి 2013 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు దువ్వూరి సుబ్బారావు. అప్పట్లో అచ్చయిన వంద రూపాయల నోటు ఇంకా చెలామణీలోనే ఉంది. దాని మీద ఆయన సంతకం కనపడుతుంది.

నవ్వులపాలైంది ఎక్కడ?

మరీ ఎక్కువైతే ఏదైనా చులకనే. 'సుబ్బి పెళ్లి వెంకి చావుకొచ్చింది' అన్న సామెతలో సుబ్బి, వెంకి అని ఆ రెండు పేర్లే ఎందుకు? ఊళ్లో ఎటు చూసినా వాళ్లే కాబట్టి. కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు ముసలివాడికి అమ్మజూపిన పసిపిల్ల పేరు సుబ్బే. అప్పటికి అది నవ్వాల్సిన పేరు కాదు. మామూలు ఇంటి మామూలు పిల్ల పేరు.

తర్వాత్తర్వాత వారపత్రికల జోకుల్లో గుమాస్తా అంటే సుబ్బారావు, ఆయన భార్య సుబ్బలక్ష్మి. బాసు తిట్టేది సుబ్బారావునే, జీతం చాలనిదీ సుబ్బారావుకే. సినిమాల్లోనూ కథానాయకుడు రవి, రాజా అయితే హాస్యగాడు సుబ్బారావు. పేరు వినగానే నవ్వు రావడం అలా మొదలైంది. ఇది కాస్త అన్యాయమే. ఏ తల్లో కన్నీళ్లతో అడిగి తెచ్చుకున్న పేరు, వారం వారం నవ్వుకోవడానికి పనికొచ్చింది.

1970ల నుంచి సురేష్, రమేష్, కిరణ్, శ్రీనివాస్‌లు వరస కట్టారు. నోటికి పొట్టిగా, చెవికి కొత్తగా ఉండాలన్నారు. పుట్టినవాళ్లు దక్కుతారన్న నమ్మకం ఆసుపత్రులు ఇచ్చాయి. అమెరికా ప్రయాణాలు ఇంకో దెబ్బ. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అంటే ఇంటిపేరని తెలియక 'రావు' అని రాసినవాళ్లు ఎందరో. దాంతో అక్కడి ఆఫీసులో మనిషి 'మిస్టర్ రావు', స్నేహితుల మధ్య 'సుబ్బా'. భార్యకు, పిల్లలకు కూడా ఇంటిపేరు రావే! అసలు ఇంటిపేరు ఇండియాలో ఉండిపోయింది. ఆ తిప్పలు పడ్డ నాన్నలు తమ పిల్లలకి చిన్న పేరు వెతుక్కున్నారంటే తప్పుపట్టలేం.

అయితే ఆ చిన్న పేర్లు ఓసారి చూడండి. కార్తీక్. కార్తికేయ. షణ్ముఖ్. స్కంద. గుహన్. కుమార్ సరేసరి. అన్నీ ఎవరివి? ఆ సుబ్బారాయుడివే! కృత్తికలు పెంచితే కార్తికేయుడు, ఆరు ముఖాలుంటే షణ్ముఖుడు. పేరు మార్చామనుకున్నవాళ్లు దేవుణ్ని మార్చలేదు. సినిమావాళ్లకూ ఇది తెలిసినట్టే ఉంది. 2014లో 'కార్తికేయ' వచ్చింది. 2015లో ఒకే ఏడాది 'ఎవడే సుబ్రమణ్యం', 'సుబ్రమణ్యం ఫర్ సేల్' అని రెండు సినిమాల పోస్టర్ల మీద పూర్తి పేరే ఎక్కింది. ఒకప్పుడు హాస్యగాడికి పెట్టిన పేరు హీరోకొచ్చింది. అయినా బారసాలల్లో 'స్కంద' దాకా వచ్చినవాళ్లు 'సుబ్బ' దగ్గర ఆగిపోతున్నారు. సంస్కృతంలో ఉంటే ఫ్యాషనూ, అదే తెలుగు నోట నలిగితే మోటూనా అని ఏ తాతగారైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

షష్ఠి రోజు గుళ్లో అర్చన చేయించడానికి మూడు తరాలవాళ్లు వరసలో నిలబడతారు. అర్చకుడు గోత్రం అడుగుతాడు, పేర్లు అడుగుతాడు. తాత 'సుబ్బారావు' అంటాడు. కొడుకు 'కార్తీక్' అంటాడు. చంకలో ఉన్నవాడి తరఫున నానమ్మ చెబుతుంది 'స్కంద' అని, ఓ క్షణం ఆగి 'బియ్యంలో సుబ్రహ్మణ్యం అని రాశామండీ' అంటుంది. అర్చకుడు తలూపి, మూడు పేర్లూ ఒకే గుక్కలో చదివి, కుంకుమ తీసుకుంటాడు.